తడి చొక్కా కింద సిగ్నల్

పాశమైలారంలో ఎనిమిదింటికి మొదటి షిఫ్టు సైరన్ మోగుతుంది. ఎనిమిదీ అయిదుకి రామలింగేశ్వరరావు తన దుకాణం షట్టర్ ఎత్తుతాడు. ఎనిమిదీ పదికి ఆయన నడుము పట్టేస్తుంది. ఒక చేత్తో ఆ నడుమునీ, ఇంకో చేత్తో సుద్దముక్కనీ పట్టుకుని, గుమ్మం పక్కన ఆనించిన నల్లబోర్డు మీద 'ఈ రోజు దేశాల వేగం' అని రాసి కింద గీత గీస్తాడు. ఆ గీత ఎప్పుడూ వంకరే. ఇరవై రెండేళ్ల కిందట తెనాలి పక్క పల్లె నుంచి ఇక్కడి ఫ్యాక్టరీకి డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చినవాడు ఇంత వంకరగా గీస్తున్నాడంటే ఆ ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందో ఊహించుకోవచ్చునని ఆయనే అందరికీ చెప్పుకుంటాడు.

ఫ్యాక్టరీ పోయాక జిరాక్సు, ఫ్యాక్సు, ఎస్టీడీ, ఇంటర్నెట్ అన్నీ ఒకే గదిలో పెట్టాడు. కంప్యూటర్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కోఠీ ఫుట్‌పాత్ మీద దొరికిన పుస్తకం చదివి నేర్చుకున్నాడు. ఆ పుస్తకానికి చివరి ముప్ఫై పేజీలు లేవు. అందువల్ల ఆయనకు ఏ పనైనా మొదలుపెట్టడం వచ్చు, ఆపడం రాదు. అదే ఊపులో ఒక త్రీజీ ఫోను కూడా కొన్నాడు. అది రెండువేల ఏడో సంవత్సరం. మన దగ్గర త్రీజీ అనేది ఇంకా రానే లేదు.

“పట్టాలు వెయ్యని ఊళ్లో ప్లాట్‌ఫారం టికెట్ కొన్నారు,” అంది ఆయన భార్య అన్నపూర్ణ.

ఆ ఫోను పరువు నిలిపింది ముత్యమ్మ దండెం.

దుకాణం వెనక ఖాళీ జాగాలో ముత్యమ్మ ఒక మందుల కంపెనీ గెస్ట్ హౌస్ బట్టలు ఉతుకుతుంది. ఆ కంపెనీకి కొత్త మిషన్లు బిగించడానికి దేశదేశాల ఇంజనీర్లు వస్తారు. మూడు నెలలు ఉండి, పోయేటప్పుడు చొక్కాలు వదిలేసి పోతారు. పాశమైలారం గాలి ఒకసారి నూలుకు పట్టిందంటే ఏ సబ్బుకూ లొంగదు. ఆ వాసనతో విమానం ఎక్కడానికి వాళ్లకు మొహమాటం. పారెయ్యమంటాడు గెస్ట్ హౌస్ మేనేజరు. ముత్యమ్మ పారెయ్యదు.

“ఉతకనీకి ఇచ్చిన బట్ట సారూ. మర్లిచ్చేదాంక నా మీదనే ఉంటది. రేపొచ్చి అడిగితే ఏం జెప్తా?”

అందుకని ప్రతి చొక్కాకూ కాలరు లోపల నల్లజీడి రసంతో చెరగని గుర్తు పెట్టి, వారానికోసారి తీసి ఉతికి, ఆరేసి, మడతపెట్టి మూటలో దాస్తుంది. ఆ చొక్కా తడిగా ఉన్నంతసేపూ దాని కింద నిలబడితే, చొక్కా మనిషి ఆ పూట ఏ ఊళ్లో ఉన్నాడో ఆ ఊరి సిగ్నల్ ఫోనుకి అందుతుంది. చొక్కా ఆరితే పోతుంది. ఎండాకాలం ఇరవై నిమిషాలు, ముసురు పడితే పూటంతా.

ఈ సంగతిని పాశమైలారంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కరెంటు ఎప్పుడొస్తుంది, బోరు నీళ్లు ఇవాళ ఏ రంగులో వస్తున్నాయి అని అడిగినట్టే దీన్నీ అడిగేవాళ్లు.

“ఇయ్యాల ఏం ఆరేసినవక్కా?”

“కొరియా.”

“అయితే జెర ఇంటికి ఫోటో పంపుకుంట.”

వేగం కొలవడానికి రావు దగ్గర ఉన్న పరికరం ఒక్కటే, తన పాస్‌పోర్టు సైజు ఫోటో. దాన్ని ఇంటర్నెట్లో ఒకచోట దాచాడు. అది తెరుచుకోవడానికి ఎంతసేపు పడితే అది ఆ దేశం వేగం. మన టవర్ల మీద ఆ ఫోటో పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగేది. నుదురు ఒక్కటే నాలుగు నిమిషాలు. “అందులో టవరు తప్పేం లేదు, మన దగ్గర స్థలం ఎక్కువ,” అని బట్టతల తడుముకుంటూ ఒప్పుకునేవాడు. కొరియా చొక్కా కింద మాత్రం బటన్ నొక్కిన వేలు తీసేలోపే మొహం మొత్తం ప్రత్యక్షం. మొదటిసారి తనని తాను అంత హఠాత్తుగా చూసుకుని జడుసుకున్నాడు.

కవరేజీని అడుగులతో కొలిచేవాడు. జర్మనీ చొక్కాది అంత పరుగు కాదు గానీ నిలకడ. దండెం నుంచి ముప్ఫై ఒక్క అడుగులు, బర్రెల కొట్టం వెనక్కి పోయినా వదిలేది కాదు. ఇటలీ చొక్కా ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో దానికే తెలీదు. కాలరులో తల దూర్చి నిలబడాలి. ఇవన్నీ బోర్డు మీద పడేవి. చాయ్ తాగడానికి వచ్చిన షిఫ్టు వాళ్లు క్రికెట్ స్కోరులా చదివి, ఇటలీ ఈ వారం దెబ్బతిన్నదని విచారించి వెళ్లేవాళ్లు.

ఒక మంగళవారం జర్మనీ చొక్కా కింద ఫోను తెర మీద బ్రెజిల్ అని పడింది.

“మల్లా ఇంకో దేశానికి తోలిన్రు,” అంది ముత్యమ్మ, నీళ్లు పిండుతూ. “పాపం, ఆయన పెండ్లాం పిల్లలు ఏడున్నరో.”

ఇంకోసారి జపాను ముసలాయన చొక్కా. పోయేటప్పుడు ముత్యమ్మకు వంగి వంగి నాలుగుసార్లు దండం పెట్టి పోయినాయన. ఏడాదిపాటు నిండుగా సిగ్నల్ ఇచ్చిన ఆ చొక్కా ఒక గురువారం ఏమీ ఇవ్వలేదు. రావు ఫోను ఆపి మళ్లీ పెట్టాడు. ముత్యమ్మ ఇంకో బిందెడు నీళ్లు పోసింది. ఏమీ లేదు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. ఆమె ఆ చొక్కాని ఇస్త్రీ చేసి, అన్నిటికన్నా అడుగున పెట్టి మూట కట్టింది. ఆ పూట అన్నం తినలేదని తర్వాత అన్నపూర్ణ చెప్పింది.

ముత్యమ్మ ఇంట్లో మేకుకి ఇంకో చొక్కా ఉండేది. గోధుమరంగుది, ఆమె మొగుడు సోమయ్యది. మూడేళ్ల కిందట కువైట్ పోయే రోజు పొద్దున విప్పి తగిలించిన చొక్కా. ఊరంతటి బట్టలూ ఉతికే మనిషి దాన్ని ఒక్కసారి కూడా ఉతకలేదు. బొంబాయి నుంచి రావు దుకాణానికి ఒక ఫోను వచ్చింది, రేపే విమానమని. అంతే, ఆ తర్వాత జాబు లేదు, కబురు లేదు. అక్కడ ఇంకొకామెను చేసుకున్నాడని కొందరు, ఇంకేదో అయ్యిందని కొందరు. కువైట్ ఏజెంటుకు సోమయ్య కాగితాలు ఫ్యాక్స్ చేసింది రావే. ఆపడం రాదు కాబట్టి మూడు కాపీలు పంపి, “గ్యారంటీగా అందుతుంది,” అని సోమయ్య వీపు కూడా తట్టాడు. ఆ మేకు వైపు చూడాల్సి వస్తుందని ఆయన ముత్యమ్మ గుమ్మం దాకా పోయేవాడు కాదు. ఆ చొక్కా ఉతికితే తెలిసిపోతుందని అందరికీ తెలుసు. జపాను చొక్కా సంగతీ అందరికీ తెలుసు. అందుకే ఆమెను ఎవరూ అడగలేదు.

జూన్ మొదట్లో గెస్ట్ హౌస్‌కి వాషింగ్ మిషన్ వచ్చింది, ముత్యమ్మకు పని పోయింది. ముత్యమ్మ అన్న పెద్దరాములుకు సంగారెడ్డి బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి ఉంది. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతానని, ఇంటికి తాళమేసి సిద్ధంగా ఉండమని కబురు చేశాడు.

శుక్రవారం పదకొండింటికి ముత్యమ్మ దుకాణం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతుల్లో నీళ్లు కారుతున్న గోధుమరంగు చొక్కా.

“రావు సారూ, జెర ఫోను పట్టుకొని రాండ్రి.”

ఏ చొక్కా ఆరేసినా పిలవకుండానే పరుగెత్తే మనిషి కుర్చీలోంచి లేవలేదు. “చార్జింగ్ తక్కువుందమ్మా,” అన్నాడు. “సాయంత్రం చూద్దాం. అసలు ఈ ఎండలో సిగ్నల్ సరిగా రాదు.”

“ఆదివారం మా అన్నొస్తడు. నేను తాళమేసి పోయినంక మా ఇంటాయన వస్తే? ఉన్నడంటే పోను, ఈడనే పడుంట. లేడంటే...” ఆమె చొక్కా చివర పిండింది. “లేడంటే తాళమేస్త.”

అన్నపూర్ణ లోపలి నుంచి వచ్చింది. “వెళ్లండి. ఫ్యాక్సు పంపేటప్పుడు చార్జింగ్ చూసుకున్నారా?”

దండెం కింద నిలబడ్డారు. కాలరు లోపల కొత్తగా పెట్టిన నల్లజీడి గుర్తు, పక్కపక్కన రెండు చిన్న గీతలు. “ఇంటి బట్టకు గుర్తుండదు,” అంది ముత్యమ్మ. “ఇయ్యాల పెట్టిన.”

ఫోను వెతకడం మొదలుపెట్టింది. ఆమె ఫోను చూడలేదు, రావు మొహాన్నే చూస్తోంది. ఆయన తన మొహంలో ఏమీ కనపడకూడదని గట్టిగా ప్రయత్నించాడు. దాంతో పంటినొప్పి వచ్చినవాడిలా తయారైంది ఆయన వాలకం. నిమిషం గడిచింది. చొక్కా అంచు నుంచి ఒక చుక్క ఆయన నుదుటి మీద పడింది. ఇంకో నిమిషం.

ఒక గీత వచ్చింది. తర్వాత రెండోది.

“ఉన్నాడు,” అన్నాడు రావు. ఇంకోసారి చెప్పాడు. “ఉన్నాడమ్మా, ముత్యమ్మా.”

ఆమె దండెం కర్ర పట్టుకుంది. “ఏ దేశంల?”

కంగారులో ఏం నొక్కుతున్నాడో చూసుకోకుండా అలవాటు కొద్దీ తన ఫోటోనే నొక్కాడు. కువైట్ వేగం ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ కొలవలేదు. బట్టతల అంచు ఒక గీత దిగింది. ఆగింది. ఇంకో గీత. మూడు నిమిషాలకు సగం నుదురు. పైన చొక్కా భుజాల దగ్గర రంగు తేలుతోంది, ఆరుతోంది. అక్కడ రావుకి అనుమానం వచ్చింది. తన నుదురు ఇంత తాపీగా దిగే చోటు ఆయన బోర్డు మీద ఒక్కటే ఉంది.

అప్పుడు చూశాడు తెర అడుగున. ఆ రోజుల్లో మన ఫోన్లు ఏ టవరు కింద ఉన్నామో ఆ ఊరి పేరు చూపించేవి. పాశమైలారం అని లేదు. ముత్తంగి అని ఉంది.

“ముత్తంగి,” అన్నాడు.

“అదేడ?”

“మన ముత్తంగేనమ్మా. పటాన్‌చెరు ఇవతల. పది కిలోమీటర్లు నిండా ఉండదు.”

ముత్యమ్మ దండెం మీంచి చొక్కా లాగి, బకెట్‌లో ముంచి తీసింది. “యాదన్న ఆటో పిలువుండ్రి.”

యాదన్న ఆటోలో రావు తల మీద తడి చొక్కా కప్పుకుని, దాని కింద ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఇస్నాపూర్ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు తొంగి చూశాడు. “జరమా?” అన్నాడు. “సిగ్నల్,” అన్నాడు యాదన్న. పోలీసు తలూపి పొమ్మన్నాడు. కానీ హైవే గాలి వాషింగ్ మిషన్ కన్నా దుర్మార్గంగా ఉంది. ఇస్నాపూర్ దాటేసరికి సీసాలో నీళ్లన్నీ పోశారు. ముత్తంగిలో దిగేసరికి చొక్కా అప్పడంలా ఆరిపోయింది, ఫోను చచ్చిపోయింది. ఎదురుగా రింగు రోడ్డు పనుల దుమ్ము, వరసగా లారీలు, ఒకదాని పక్కన ఒకటి ఎన్నో గోదాములు.

“నువ్వు ఇక్కడే ఉండు, నేను నీళ్లు వెతికి తెస్తాను,” అన్నాడు రావు.

“వద్దు సారూ.”

ఆమె అప్పటికే నడుస్తోంది. గోదాముల ముందు నుంచి కాదు, వెనక నుంచి. ప్రతి గోదాము వెనకా ఒక తాడు, తాడు మీద లారీ వాళ్ల, కూలీల, వాచ్‌మన్‌ల బట్టలు. కాలరు పట్టి ఎట్లపడితే అట్ల వేలాడేసినవి. రావుకి అన్నీ బట్టల్లాగే కనిపించాయి. అయిదో గోదాము వెనక ఆమె ఆగింది. అక్కడ ఒక నీలం వాచ్‌మన్ చొక్కా తలకిందులుగా ఆరుతోంది. గుండీలు పెట్టి, లోపలి పక్క బయటికి తిప్పి, అంచు తాడు మీదికి మడిచి. కాలరు తాడుకు తగలకుండా.

“ఉతుకుడు నేర్పలే,” అంది ముత్యమ్మ. “ఆరేసుడు నేర్పిన.”

రేకు తలుపు తీసుకుని బకెట్‌తో సోమయ్య వచ్చాడు. చిక్కిపోయాడు. ముత్యమ్మను చూసి బకెట్ కింద పెట్టడం మర్చిపోయి అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

“ఏజెంటు బొంబాయిలనే ఇడిచిపెట్టి పోయిండు,” అన్నాడు, ఎవరూ అడగకుండానే. “కువైట్ అని ఊరంత దావత్ ఇచ్చి పోతిని. ఏ మొగం పెట్టుకొని వస్త? నాలుగు పైసలు జమ చేస్కొని వద్దామనుకున్న. గట్లనే దినాలు పోయినయి.”

“మూడేండ్లా?”

“రోజు రేపొద్దామనే అనుకున్న.”

ముత్యమ్మ తాడు దగ్గరికి పోయి నీలం చొక్కా కాలరు వేళ్లతో నలిపి చూసింది. “సబ్బు పోనేలేదు. దీన్ని ఉతుకుడు అంటరా?” అని దాన్ని తీసి ఆయన చేతిలోని బకెట్‌లోనే ముంచింది. చంకలోంచి గోధుమరంగు చొక్కా తీసి ఇచ్చింది. “ఇది తొడుగు. ఉతికిన.”

ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని, కాలరు లోపల రెండు గీతలు చూసి, తల దించుకున్నాడు. ఈ సందర్భానికి తగిన మాట ఒకటి తాను చెప్పాలని రావుకి అనిపించింది. గొంతు సవరించుకున్నాడు. పొద్దుటి నుంచీ తడిసిన తల కావడంతో, మాటకు బదులు మూడుసార్లు తుమ్ము వచ్చింది.

“సారు తడిసిండు,” అన్నాడు సోమయ్య. ముగ్గురూ ఆటో ఎక్కారు.

ఆదివారం పెద్దరాములు వచ్చి, కోడికూర తిని, ఒక్కడే సంగారెడ్డి వెళ్లిపోయాడు. పాశమైలారం బోరు నీళ్లు వాషింగ్ మిషన్‌కి పదిరోజులు కూడా పడలేదు. గెస్ట్ హౌస్ మూట మళ్లీ ముత్యమ్మ గుమ్మానికి వచ్చింది. ఇప్పుడు బిందెలు సోమయ్య మోస్తున్నాడు. బోర్డు మీద రావు కొత్త వరస ఒకటి రాశాడు. 'ముత్తంగి నుంచి పాశమైలారం: పది కిలోమీటర్లు. పట్టిన కాలం: మూడేళ్లు.' దాన్ని మాత్రం ఇంతవరకు తుడవలేదు.

సోమవారం సోమవారం దండెం మీద కొరియా చొక్కా పక్కన గోధుమరంగు చొక్కా కూడా ఆరుతుంది. దాని కింద ఒకే ఒక్క గీత సిగ్నల్, తెర అడుగున పాశమైలారం అని పేరు. రావు స్టూలు తెచ్చుకుని దాని కిందే కూర్చుంటాడు. ఫోటో నొక్కి చాయ్ తాగుతాడు.

“ఏమండీ, ఎక్కడిదాకా వచ్చారు?” అని కేకేస్తుంది అన్నపూర్ణ.

“కనుబొమల దాకా,” అంటాడు ఆయన. “ఇంకో చాయ్ పెట్టు.”