పెద్దదానివి కదా, ఇచ్చెయ్

“పిల్లలు ఆడుకుంటుంటే కుర్చీలో కూర్చుని చూడటం కూడా ఒక ఉద్యోగమేనా? ఆ మాత్రం మా అమ్మా చేస్తుంది” అన్నాడు భర్త పొద్దున్నే, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. బడిలో టీచరైన ఆమె నవ్వి, సంచీ భుజాన వేసుకుంది. జవాబు చెప్పే తీరిక లేదు. తన తరగతి నిలుస్తుందో, రెండు ముక్కలవుతుందో ఆ పూటే తేలిపోతుంది.

మూడేళ్లవాళ్లూ ఆరేళ్లవాళ్లూ ఒకే గదిలో ఉండే మాంటిస్సోరి బడి అది. పెద్దవాళ్ల పని చూసి చిన్నవాళ్లు నేర్చుకోవడమే ఆ గదికి ప్రాణం. కానీ నెల రోజులుగా పేచీలే పేచీలు. మొన్న ఒక నాయనమ్మ వచ్చి “మావాణ్ణి ఆ రాక్షసి పక్కన కూర్చోబెట్టకండి” అని చేతులు తిప్పి మరీ వెళ్లింది. రాక్షసంటే ఆరేళ్ల రెండుజడల పిల్ల. మావాడంటే గదంతా గిర్రున తిరిగే మూడేళ్లవాడు, అందరూ బొంగరం అంటారు. “రేపు నేనే వచ్చి చూస్తాను. మళ్లీ గొడవైతే పెద్దవాళ్లు మేడమీదికి, చిన్నవాళ్లు కిందికి” అని నిన్న హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది.

టీచర్ మాత్రం వారం ముందే ఒక పని చేసింది. పిల్లలేం చేస్తున్నారో రాసుకునే పుస్తకంలో ఒక రోజంతా తానేం మాట్లాడిందో రాసుకుంది. సాయంత్రం కూర్చుని లెక్కపెట్టింది. ‘పెద్ద కదా, వదిలెయ్’ అని పదకొండుసార్లు అంది. అందులో తొమ్మిది ఆడపిల్లలకే. పెద్ద మగపిల్లల దగ్గర ‘ఒరేయ్, కొట్టుకోకండ్రా’ అని ఊరుకుంది. ఎవరు నేర్పారు తనకీ మాట? ఇంటర్ పాసైన రోజున నాన్న అన్నాడు, “పెద్దదానివి కదమ్మా, తమ్ముణ్ణి చదువుకోనియ్.” తమ్ముడు రెండో ఏడే కాలేజీకి ఎగనామం పెట్టేశాడు. పెళ్లై, పిల్ల పుట్టాక, బియ్యండబ్బాకి పుస్తకం ఆనించి గరిట తిప్పుతూ ఆమె డిగ్రీ చదివింది. ఆ వంశంలో అదే మొదటి పట్టా. అత్తింట్లోనూ అదే పాట. తోడికోడలికి తలనొప్పా, పెద్దకోడలు సర్దుకోవాలి. మరిదికి కోపమా, పెద్దకోడలే తగ్గాలి. తన నెత్తిన రుద్దిన మాటనే తాను ఆరేళ్ల పిల్లల నెత్తిన రుద్దుతోంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

తొమ్మిదిన్నరకి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి గోడవారన కూర్చుంది. రెండుజడల పిల్ల నిన్నటి నుంచీ వెయ్యి పూసల గొలుసు లెక్కపెడుతోంది. గది ఈ చివరి నుంచి ఆ చివరికి పొడవాటి చాప, దాని మీద బంగారు రంగు గొలుసు, ప్రతి పదికీ ఒక నీలం చీటీ, ప్రతి నూరుకీ ఒక ఎర్ర చీటీ. ఆరువందల నలభై దాటింది. అప్పుడొచ్చాడు బొంగరం. మిగిలిన చీటీలు గుప్పిట పట్టి, రెండో చేత్తో గొలుసు గుంజాడు. పిల్ల వాడి మణికట్టు పట్టుకుని కెవ్వుమంది. వాడు అంతకు రెట్టింపు అరిచాడు.

“పెద్దదానివి కదమ్మా, పోనీ ఇచ్చెయ్” అంది హెడ్‌మిస్ట్రెస్, సగం లేచి.

టీచర్ నాలుక చివరిదాకా అదే మాట వచ్చింది. మింగేసింది. వెళ్లి ఇద్దరి మధ్యా మోకాళ్ల మీద కూర్చుంది. వాణ్ణి ఎత్తుకోలేదు, దాన్ని కసరలేదు. “చెయ్యి వదిలి, నీకేం కావాలో వాడికి చెప్పు” అంది పిల్లతో.

పిల్ల వెక్కుతూ చెయ్యి వదిలింది. “నా పని ఇంకా అవలేదు. ముట్టుకోకు!”

“విన్నావుగా నాన్నా? చేతులు వెనక్కి కట్టుకుని చూడొచ్చు. ముట్టుకోవాలంటే అక్కని అడగాలి.”

“అక్కా, నేనూ?” అన్నాడు వాడు ముక్కు చీదుతూ.

“ఊహూ” అంది పిల్ల.

ఆ ‘ఊహూ’ని ఎవరూ కాదనలేదు. టీచర్ వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చోవడం అంత కష్టమని ఆమెకప్పుడే తెలిసింది. లేచి సర్దేయమని ఒళ్లంతా తొందరపెడుతోంది. బొంగరం గుప్పిట్లో చీటీలు చాప మీద వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని అంచున నిలబడ్డాడు. నిమిషం. రెండు. పిల్ల ఏడువందల దాకా వెళ్లి, తలెత్తి వాణ్ణి ఎగాదిగా చూసింది.

“ఎర్ర చీటీలు ఏరి నాకివ్వు. నీలంవి ముట్టుకుంటే ఊరుకోను.”

వాడు ఏరాడు. పదిన్నరకి వెయ్యో పూస దగ్గర ఇద్దరూ బోర్లా పడుకుని “వెయ్యీ!” అని గది అదిరేలా అరిచారు.

“నేనైతే మొదట్లోనే వాణ్ణి ఎత్తుకుపోయేదాన్ని. మీరేం చేశారండీ అసలు?” అంది హెడ్‌మిస్ట్రెస్ వరండాలో.

“అబ్బే, ఏం లేదండీ” అనబోయి ఆగింది ఆమె. ఏం లేకపోవడమేమిటి? చేసిందంతా విడమరిచి చెప్పింది. ఎక్కడ కూర్చుంది, ఎందుకు ఆగింది, పుస్తకంలో ఏం బయటపడింది. తన గొంతు తనకే కొత్తగా, నిండుగా వినిపించింది. పని తెలిసిన మనిషి గొంతు అది.

“గది ఇలాగే ఉండనివ్వండి. శనివారం సాయంత్రం వేరే బళ్ల టీచర్లు వస్తున్నారు. వాళ్లకి ఇదంతా మీరే చెప్పాలి” అంది హెడ్‌మిస్ట్రెస్.

మధ్యాహ్నం ఆమె భర్తకి ఫోన్ చేసింది.

“శనివారమా? మా తమ్ముడువాళ్లు భోజనానికొస్తున్నారుగా! పెద్దకోడలివి, నువ్వు లేకపోతే వంటెలా?”

“మీకు రెండు చేతులు, మీ తమ్ముడికి రెండు, చిన్నకోడలికి రెండు. ఆరు చేతులు చాలవా?”

“సరే, ఎన్నింటికొస్తావు మరి?” అన్నాడు భర్త, నీరుగారిపోయి.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి ఆమె ఎప్పుడూ గడియారం చూసే జవాబు చెప్పింది.

“అయ్యాక వస్తాను” అంది.