ఉప్పు మరిగిన నారు

వయసు నలభైకి దగ్గరపడుతున్నా చిట్టి ఇంటా బయటా అందరికీ చిట్టే. కూరగాయల పరిశోధనశాలలో ఆమె పని టమాటా మొక్కలకు ఉప్పునీళ్ళు తాగించడం, ఆ ఉప్పును అవి ఎలా ఓర్చుకుంటున్నాయో ఆకుల్లోని ప్రోటీన్లను బట్టి కనిపెట్టడం. "మా ఆవిడది విచిత్రమైన ఉద్యోగమండీ. పచ్చగా ఉన్నవాటిని తనే ఎండబెడుతుంది, ఎందుకు ఎండాయా అని తనే దిగులుపడుతుంది," అని ఆమె భర్త దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆయన టైలరు. పరిశోధనశాల ఉన్న వీధి చివరే ఆయన దుకాణం. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా ధారాళంగా మాట్లాడగల మనిషి.

భర్త వేళాకోళం చిట్టికి అలవాటే. ఆడపడుచు ముందు మాత్రం ఆమెకు నోరు పెగిలేది కాదు. టైలరు అక్కకు సముద్రపు పాయ పక్కన కూరగాయల తోట ఉంది. ఒక గాలివానకు గట్టు తెగి పోటునీళ్ళు తోటలోకి వచ్చేశాయి. నీళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి కానీ, ఉప్పు మాత్రం పిలవని చుట్టంలా అక్కడే తిష్ఠ వేసింది. ఎండ కాస్తే చాలు, నేలమీద తెల్లటి పొర తేలేది. టమాటా నారు నాటితే వారం తిరక్కుండా ఆకుల అంచులు మాడి, తలలు వేలాడేసేది.

"ఏమ్మా చిట్టీ, మీ ప్రోటీన్లు ఏమంటున్నాయి?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఆమె.

"ఇంకా చూస్తున్నాం వదినా."

"చూడండి, చూడండి. మేమూ ఇక్కడ నేల వంక చూస్తూనే ఉన్నాం."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించేది చిట్టికి. గట్టిగా నాలుగు మాటలు అంటే తనూ ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నిదానంగా అడిగేవాళ్ళకి ఏం చెబుతాం?

అలా ఉండగా చిట్టికి జ్వరం తగిలింది. మామూలు జ్వరం కాదు, మంచానికి అతుక్కుపోయేంత జ్వరం. షెడ్డులో ఆమె టమాటా నారు రెండు అరల మీద ఉంది. కింది అరకు నీళ్ళు సన్నటి గొట్టాల్లోంచి వాటంతటవే చుక్కచుక్కగా పడతాయి. పై అరకు ఇంకా గొట్టాలు బిగించలేదు, చేత్తోనే పోయాలి. పరిశోధనశాలలో ఎవరి పని వాళ్ళకే తలకు మించి ఉంది. దాంతో తన పై అధికారి అయిన మేడం అనుమతి తీసుకుని చిట్టి ఆ పని భర్తకు అప్పగించింది.

"గుమ్మం పక్కన నీలం డబ్బా ఉంటుంది. అందులో నీళ్ళు పోయండి. ఇంకేదీ ముట్టుకోకండి," అంది దుప్పటిలోంచి.

"కోటుకే గుండీలు కుట్టేవాణ్ణి, కుండీకి నీళ్ళు పోయలేనా?" అన్నాడు టైలరు. ఒక్కరోజు కూడా తప్పకుండా వెళ్ళి పోశాడు కూడా.

జ్వరం తగ్గి చిట్టి పనిలోకి వెళ్ళేసరికి నారు ఏపుగా ఉంది. అనుకున్న ప్రకారం రెండు అరలకూ గట్టి ఉప్పునీళ్ళు పెట్టింది. ఒకే విత్తనం, ఒకే మట్టి. రెండూ ఒకేలా వాడాలి. కింది అర వాడింది. పై అర మాత్రం ఆకు కూడా వాల్చలేదు.

చిట్టి కళ్ళు నులుముకుంది. జ్వరం పూర్తిగా తగ్గలేదేమో అనుకుని నుదురు కూడా తడిమి చూసుకుంది. ఆ మర్నాడూ అంతే. ఇక ఆగలేక రెండు అరల ఆకులూ కోసి, గడ్డకట్టించి, పొడి చేసి, ప్రోటీన్లు బయటికి తీసింది. వాటిని జెల్లీలాంటి పలక పై అంచున గుంటల్లో పోసి కరెంటు పెట్టింది. చిన్న ప్రోటీన్లు చురుగ్గా కిందికి జారతాయి, పెద్దవి బరువుగా పైనే ఉండిపోతాయి. తర్వాత రంగు పట్టించి కడిగితే నిచ్చెన మెట్లలా గీతలు కనిపిస్తాయి.

వాడిన మొక్కల వరసలో, గాలిలోంచి తిండి తయారుచేసే పెద్ద ప్రోటీన్ గీత వెలిసిపోయింది. నిలబడ్డ మొక్కల వరసలో అది చెక్కుచెదరలేదు. పైగా కింద కొన్ని గీతలు, వాడిన వరసలో లీలగా ఉన్నవి, ఇక్కడ దిద్దినట్టు ముదురుగా ఉన్నాయి.

మేడం పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. ఎవరినీ తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు ఆవిడ. "ఏం చేశావమ్మా వీటికి?" అంది.

"ఏమీ చెయ్యలేదు మేడం."

"ఏమీ చెయ్యకపోతే ఇలా ఎందుకుంటాయి?"

అప్పుడు చిట్టికి గుమ్మం దగ్గరి డబ్బాలు గుర్తొచ్చాయి. పరుగున వెళ్ళి చూసింది. మంచినీళ్ళ డబ్బా నిండుగా అలాగే ఉంది. దాని పక్కనే, వేరే పరీక్ష కోసం పలచగా ఉప్పు కలిపి పెట్టుకున్న డబ్బా అడుగంటింది. కోపంతో తిన్నగా దుకాణానికి నడిచింది.

"నీలం డబ్బా అని చెప్పానా లేదా?"

"చెప్పావు. నీలం డబ్బాలోవే పోశాను."

"మీరు పోసింది దాని పక్కది!"

"పక్కదే నీలం. నువ్వనుకునేది ఆకాశరంగు," అన్నాడు టైలరు కత్తెర కింద పెట్టి. "రోజూ రంగులతో కాపురం చేసేవాణ్ణి, నాకు చెప్తావేంటి?"

చిట్టికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తెలియనిదాన్ని తెలిసినట్టు రాస్తే, రేపు ఎవరో ఆ మాట నమ్మి నారు పోసుకుంటారు. వెనక్కి వచ్చి జరిగినదంతా మేడంకి చెప్పేసింది.

మేడం పలకను ఇంకోసారి వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత, "మీ ఆయన్ని ఒకసారి పిలిపించు," అంది.

మెడలో టేపు తీయకుండానే వచ్చాడు టైలరు. ఎన్నిసార్లు పోశాడు, ఎంతెంత పోశాడు, మొదట్లో తక్కువా చివర్లో తక్కువా అని మేడం గుచ్చిగుచ్చి అడిగింది. "డబ్బా మూతతో పోశానండీ. మొదట్లో భయంభయంగా కొంచెమే. బాగానే ఉన్నాయి కదా అని తర్వాత చెయ్యి జారింది," అన్నాడు ఆయన, కొలతలు ఇస్తున్నవాడిలా నిటారుగా నిలబడి. మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ నవ్వగా చూడటం చిట్టికి అదే మొదటిసారి.

"సంగతి అర్థమైంది," అంది మేడం. "కొంచెం కొంచెంగా ఉప్పు తగిలేసరికి మొక్క ముందే సర్దుకుని కూచుంది. అసలు ఉప్పు వచ్చేసరికి సరంజామా సిద్ధం. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. మళ్ళీ చెయ్యి. ఈసారి కావాలని చెయ్యి."

మళ్ళీ చేసింది. చెయ్యి కాస్త ఎక్కువై మొదటి విడత నారంతా పోయింది. రెండో విడత నిలబడింది, మూడోదీ నిలబడింది. ముదురు గీతల్ని కోసి, ప్రోటీన్లను గుర్తుపట్టే పెద్ద యంత్రానికి పంపితే అవేమిటో తెలిశాయి. ఆకు కణంలోకి చొరబడిన ఉప్పును బయటికి తోసేవి కొన్ని. తోయగా మిగిలినదాన్ని కణంలోని సంచిలోకి నెట్టి తలుపు వేసేవి కొన్ని. మిగతా ప్రోటీన్లు చెడిపోకుండా కాపు కాసేవి ఇంకొన్ని. ఇవన్నీ ఉప్పు తగలని మొక్కలోనూ అంతో ఇంతో ఉంటాయి. అదాటున ముంచుకొస్తే కూడగట్టుకునే వ్యవధి ఉండదు, అంతే తేడా.

ఆ సాయంత్రం ఫోన్ చిట్టే చేసింది.

"వదినా, నారు పోస్తావా? నేను చెప్పినట్టు పోయాలి. నీళ్ళలో ఉప్పు కలపాలి."

"ఉప్పుతో చచ్చిపోతున్నదానికి ఉప్పే పొయ్యమంటావా?"

"పొయ్యమంటాను."

"సరే, నువ్వంటే పోస్తాను. పోతే పోయింది, ఎలాగూ పోయేదేగా."

చెప్పినట్టే పోసిన నారు నాటుకు రాగానే చిట్టి సెలవు పెట్టి వెళ్ళింది. ఇద్దరూ కలిసి మంచినీటితో మడులు తడిపి, ఉప్పును అడుక్కి దించి, అప్పుడు నారు నాటారు. కొన్ని మొక్కలు పోయాయి. పాయ ఒడ్డున ఉన్న మడి అయితే మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అక్కడ ఉప్పు మరీ ఎక్కువ, ఏ ప్రోటీనూ దానికి చాలదు. ఆ మాట చిట్టి ముందే చెప్పింది, వదినా ముందే ఒప్పుకుంది. మిగతా తోట మాత్రం పూతపట్టింది.

కోతల నాడు టైలరు దుకాణం మూసి మరీ వచ్చాడు. కాయలు చిన్నవి, పిడికిట్లో రెండు పడతాయి. వదిన ఒకటి తుంచి, చెంగుతో తుడిచి, కొరికి ఆగిపోయింది.

"ఏంటక్కా, ఉప్పగా ఉందా?" అన్నాడు టైలరు కంగారుగా.

"తియ్యగా ఉందిరా!"

"ఉప్పు తగిలితే కాయలో నీళ్ళు తగ్గుతాయి వదినా. ఉన్న తీపి చిక్కబడుతుంది," అంది చిట్టి.

"అన్నీ ఇప్పుడు చెప్తావు. ఇది ముందే చెబితే ఇంకా రెండు మడులు వేసేదాన్నిగా!" అని వదిన ఇంకోటి కోసి మరదలి నోట్లో పెట్టింది.

మధ్యాహ్నానికి గంపలు నిండాయి. గట్టు మీద ముగ్గురూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. పాయ మీంచి గాలి చల్లగా వస్తోంది. టైలరు తువ్వాలు మొహాన వేసుకుని పడుకున్నాడు, నిమిషంలో గురక. వదిన దోసపాదుల గురించి మొదలుపెట్టింది. దోసకి కూడా ఇలాగే పొయ్యొచ్చా, బెండకి ఎంత, వంకాయ మాట వింటుందా అని. చిట్టి తెలిసినవాటికి జవాబు చెబుతూ, తెలియనివాటికి తెలియదని చెబుతూ, మరో టమాటా కోసం గంపలోకి చెయ్యి చాపింది.