పాలపిట్ట మూడు ఐదు ఒకటి

“కూర్చోని మాట్లాడే ఉద్యోగమే గదమ్మా నీది. ఒళ్ళు అలిసేదేముండాది?” అంది అత్త గంగక్క, పూర్ణం గిన్నె ముందుకు తోస్తూ.

మల్లీశ్వరి పూర్ణం తీసుకుని ఇంకో ఓళిగ తట్టింది. మామ పార్టీ మనుషులు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. కొత్తచెరువులోని ఆ ఇంట్లో ఆమె తెల్లారకముందే లేచి పొయ్యి దగ్గర నిలబడింది. ముందు రోజు కూడా అంతే. సాయంత్రం విమానాశ్రయంలో డ్యూటీ, విమానాలకు రేడియోలో దారి చెప్పే కంట్రోలర్‌గా.

ఓళిగలు వడ్డిస్తుంటే భర్త గంగాధర్ నవ్వుతూ అన్నాడు. “మా ఆమె టికెట్ మీదుండే నంబర్లు మైకులో చదువుతాదన్నా. జీతమేమో నాకన్నా ఎక్కువ.” అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అలా నవ్వినందుకు లోపల ముడుచుకుపోయింది.

ఆమె విమానాన్ని పిలిచేది టికెట్ మీది పేరుతో కాదు. టికెట్ మీద కంపెనీకి రెండక్షరాలు, పక్కన నంబరు ఉంటాయి. రేడియోలో ఆ అక్షరాలకు బదులు కంపెనీ పెట్టుకున్న పిలుపుపేరు చెప్పాలి, తర్వాత అంకెలు ఒక్కొక్కటిగా. మామూలుగా నంబరు అదే. ఒకేలా వినిపించే రెండు నంబర్లు ఒకే వేళకు ఆకాశంలో కలుస్తాయనుకుంటే మాత్రం, రేడియోలో ఒకదాని అంకెల్లోకి అక్షరాలు చేరుస్తారు. టికెట్ మారదు, ప్రయాణికులకు తెలియదు. ఇదంతా ఆ పంక్తిలో ఎవరికి చెబుతుంది? నెయ్యి వేసుకుంటూ ముందుకు పోయింది.

నిద్ర చాలకపోతే డ్యూటీకి ముందే చెప్పి తప్పుకోవచ్చు. కానీ ఓళిగలు చేసి అలిసిపోయానని ఏ నోటితో చెప్పాలి? ఆడోళ్ళకు ఈ సీట్లెందుకని పక్కవాళ్ళు అనుకోరా? సిగ్గేసి, ఏమీ చెప్పకుండా హెడ్‌సెట్ పెట్టుకుంది.

ఆ సాయంత్రం ‘పాలపిట్ట’ అనే పిలుపుపేరున్న విమానాలు రెండు ఆమె తెర మీదికి వచ్చాయి. కింద మూడు ఒకటి ఐదు, దానిపైన మూడు ఐదు ఒకటి. అవి కలవాల్సిన వేళలు కావు గనుక ఎవరూ వాటి పేర్లు మార్చలేదు. ఒకటి ఆలస్యంగా బయల్దేరడంతో కలిశాయి. దిగమని కిందిదానికి చెప్పాలి.

“పాలపిట్ట మూడు ఐదు ఒకటి, ఆరు వేల అడుగులకు దిగండి” అంది.

పైనున్న పైలట్ ఆ మాటే తిరిగి చెప్పాడు. అప్పుడైనా తప్పు ఆమె చెవికి తగల్లేదు. వెనక నిలబడ్డ సీనియర్ సారా గబుక్కున మైకు అందుకుని, పైది కిందిదాని మీదికి దిగకుండా ఆపింది.

రెండూ క్షేమంగా దిగాయి. సారా ఆమెను సీటు నుంచి లేపి పక్క గదిలో కూర్చోబెట్టింది. అద్దంలోంచి కింద ప్రయాణికులు కనిపిస్తున్నారు. ఒకామె చంకలో నిద్రపోతున్న బిడ్డతో నడుస్తోంది. మల్లీశ్వరి చూడలేక ముఖం తిప్పుకుని గంగాధర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

“జలుబు చేసి చెవులు దిమ్మెక్కినాయని చెప్పు. వంట మాట ఎత్తొద్దు. కోడలితో చాకిరీ చేయిస్తాండారంటే నాయన పరువేం గావాల?”

తనతో చేయించే ఆ చాకిరీకి గంగాధర్‌కూ సిగ్గుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

సారా వచ్చి ఎదురుగా కూర్చుంది. “నిద్రపోయినావా మల్లీశ్వరీ?”

“లేదు మేడం. రెండు దినాలుగా ఇంట్లో వంటే.” చెంపలు మండిపోయాయి.

“మళ్ళా పరీక్ష పెట్టేదాకా సీటియ్యరు, తెలుసు గదా. ఈ ఒక్కసారే అయితే తొందరగానే తేలిపోతాది. ముందెప్పుడన్నా ఇట్లా వచ్చినావా?”

‘లేదు’ అని చెబితే సరిపోయేది. సారా కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. మల్లీశ్వరి తల ఎత్తలేకపోయింది.

“పెండ్లైనప్పటి నుంచీ ఇట్లనే వస్తాండా మేడం” అంది.