నా కడుపులో లింగవ్వ నెత్తురు

నేను ఒక బ్లడ్ కల్చర్ సీసాను. ఫ్యాక్టరీలో నా కడుపులో సూక్ష్మజీవులు లొట్టలేసుకుని తినే పులుసు పోసి, గాలి చొరబడకుండా మూత బిగించారు. మనుషుల తీరు చూడండి, నన్నింత శుభ్రంగా తయారు చేసింది రోగాన్ని మేపడానికే!

గోదాములో కొన్నాళ్ళు, లారీలో కొన్నాళ్ళు గడిపి ఓ పెద్దాసుపత్రికి చేరాను. అక్కడ నర్సు నాలోకి లింగవ్వ నెత్తురు ఎక్కించింది. లింగవ్వ గొర్రెల కాపరి కొమురెల్లి భార్య. నెలల తరబడి విడవని జ్వరం. గుండె కవాటం మీద ఏదో క్రిమి గూడు కట్టుకుందని స్కానింగులో తేలింది. అది ఏ క్రిమో తెలిస్తేనే సరైన మందు పడుతుంది. తేల్చాల్సింది నేను.

డాక్టర్ నీరజ కొమురెల్లిని అడిగింది. "మీ మందలో గొర్రెలు ఈసుకుపోతున్నాయా, అదే, కడుపులు పోతున్నాయా? నెలలు నిండని ఆ పిల్లల్ని ఈమె చేత్తో ఏమైనా తీసిందా? అలా అంటుకునే క్రిమి ఒకటుంది. అరుదే. అదైతే మందులు వేరు, పరీక్ష కూడా ఎక్కువ రోజులు ఉంచాలి."

"అసుంటిదేం లేదమ్మా. మా మంద సల్లగుంది" అన్నాడు కొమురెల్లి.

మోసం చేయాలని కాదు. మందకొచ్చిన కీడును పరాయివాళ్ళ ముందు నోటితో అంటే మిగతా జీవాలకూ పాకుతుందని వాళ్ళింట్లో నమ్మకం. డాక్టరమ్మ తలూపి, మామూలు క్రిములకు వాడే మందే రాసింది.

నాకు తెలుసు, ఆ క్రిమి నాలోనే ఉంది. కానీ మహా బద్ధకస్తురాలు. నన్ను పెట్టిన యంత్రం పసిగట్టేంతగా ఇంకా పెరగలేదు. త్వరగా పెరగవే తల్లీ అని రోగాన్ని బతిమాలుకున్నాను. మామూలు గడువు ఐదు రోజులూ ముగిశాయి. టెక్నీషియన్ నన్ను బయటికి తీసి, ఏమీ పెరగలేదని రిపోర్టు పంపి, చెత్త సంచీలో వేశాడు. నోరుంటే అరిచేదాన్ని.

సంచీల బండి వరండాలో ఆగింది. పక్క బెంచీ మీద కొమురెల్లి ఫోనులో తమ్ముడితో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"మల్ల రెండు ఈసుకపోయినయా? ఎవ్వలకు చెప్పకురా. ఇన్నొద్దులు మీ వదినెనే తీసేది, ఒట్టి చేతులతోని. ఇగ నువ్వే తియ్యాలె."

అంతలో డాక్టరమ్మ అటుగా వచ్చింది. అతను గబుక్కున ఫోను పెట్టేసి, లేచి దండం పెట్టాడు. "ఏమన్న తెలిసిందా అమ్మా?"

"లేదయ్యా. ఏమీ పెరగలేదు" అందామె.

బండి కదిలింది. కాసేపట్లో నన్ను ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికిస్తారు. నాలోని క్రిమి చస్తుంది. లింగవ్వలోది బతికే ఉంటుంది.