మిద్దె మీది పులిచారల కలబంద

రామలక్ష్మమ్మ మిద్దె మీద పదకొండు రకాల కలబందలున్నాయి. బళ్ళారి ఎండకు మనుషులే సోలిపోతుంటే ఆమె మొక్కలు మాత్రం కులాసాగా ఉంటాయి. గుజ్జు తీసి తలకు రాసుకునే మామూలు కలబంద సరే, అది ఎవరింట్లోనైనా ఉంటుంది. ఆకుల నిండా తెల్ల చుక్కలతో అరచేతిలో ఇమిడేదొకటి, వేసవి రాగానే ఎర్రబారేదొకటి, చిన్న చెట్టులా మాను కట్టేదొకటి. అన్నిట్లోకీ ఆమెకు ముద్దు, ముదురుపచ్చ ఆకుల మీద అడ్డంగా తెల్ల చారలుండే పులిచారల కలబంద.

దాన్ని మూడుసార్లు తెప్పించింది. ప్రేమ కొద్దీ నీళ్ళు పోసి మొదటి రెండింటినీ కుళ్ళబెట్టింది. మూడోది దక్కిందంటే పనిమనిషి కొట్రమ్మ పుణ్యమే. "దానికి నీళ్ళు బేడక్కా, దాని మానాన దాన్ని ఇడువు" అని తొమ్మిదేళ్ళుగా ఉన్న చనువుతో చెంబు చేతిలోంచి లాక్కుంది. ఆ మాట రామలక్ష్మమ్మ ఎవరికీ చెప్పలేదు. మొక్కను బతికించింది తానేనని మాత్రం వీధంతా చెప్పుకుంది.

ఆ ఆదివారం మొక్కలు చూడ్డానికి ఏడుగురు ఆడవాళ్ళను పిలిచింది. వాళ్ళలో ఉష ఒకతి. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి పండిస్తున్న కుటుంబం వాళ్ళది. పులిచారలది బళ్ళారిలో బతకదని నలుగురిలో అన్నది ఆవిడే. ఆ మాట రామలక్ష్మమ్మ మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ పిలుపంతా నిజానికి ఆ ఒక్క మొక్కను ఆ ఒక్క మనిషికి చూపించడానికే.

పొద్దున దోసెల చట్నీకి తిరగవాత వేస్తూ, వెనక్కి తిరక్కుండానే కొట్రమ్మకు నాలుగు పనులు పురమాయించింది. మిద్దె ఊడ్చు, కుర్చీలెయ్యి, పాలు తే. "తలవాకిట్లో కలబంద ఎండిపోయిండాది, పీకేసి మంచిది చూసి ఒకటి కట్టు. ఇందరి కండ్లు పడతాయి ఇయ్యాల." పోపు చిటపటల్లో తానన్న మాట తానే మరిచిపోయింది.

అందరూ మిద్దెక్కారు. చుక్కలదాన్ని మెచ్చుకున్నారు, ఎర్రదాన్ని ఫోటో తీసుకున్నారు. ఉష కోసం చివర్న దాచిన మూల దగ్గరికి వస్తే, కుండీలో మట్టి తప్ప ఏమీ లేదు.

"ఏదక్కా మీ పులి?" అంది ఉష నవ్వుతూ.

రామలక్ష్మమ్మకు తల కొట్టేసినట్టయింది. "కొట్రమ్మా, ఈడుండే మొక్క యాడ పాయె?"

కాఫీ లోటాలు తెస్తున్న కొట్రమ్మ ఆగిపోయింది. వచ్చినవాళ్ళందరినీ ఒకసారి చూసి తల దించుకుంది. "ఆమేలె చెప్తానక్కా."

"ఆమేలె ఏంది? ఇప్పుడే చెప్పు."

కొట్రమ్మ నోరు విప్పలేదు. ఆ మౌనం రామలక్ష్మమ్మకు దొంగతనంలాగే కనిపించింది. "నీ సంచి తీసకరా" అంది అందరి ముందూ.

సంచిలో, పొద్దున రామలక్ష్మమ్మే కాగితంలో చుట్టిచ్చిన నాలుగు దోసెలున్నాయి. పసుపు పొట్లం, నల్లదారం ఉండ ఉన్నాయి. ఏడుగురూ ఆ దోసెల్ని చూశారు. కొట్రమ్మ అన్నీ తిరిగి సంచిలో పెట్టుకుని, లోటాలు కడిగి బోర్లించి మరీ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అందర్నీ సాగనంపడానికి తలవాకిలి దాకా వచ్చింది రామలక్ష్మమ్మ. చెప్పులేసుకుంటూ ఉష తలెత్తి పైకి చూసింది. రామలక్ష్మమ్మా చూసింది.

గడప పైన పులిచారల కలబంద వేలాడుతోంది. వేళ్ళు పైకి, ఆకులు కిందికి. వేళ్ళకు పసుపు, నడుముకు నల్లదారం. అలా తలకిందులుగా కడితే వచ్చినవాళ్ళ దిష్టిని అదే లాగేసుకుంటుందని ఆ వైపు నమ్మకం. ఏడుగురూ దాని కిందనుంచే లోపలికి వచ్చారు.

"మా కళ్ళకేనా అక్కా ఇది?" అంది ఉష. కోపంగా కాదు, మెత్తగానే. "మంచిదే చూసి కట్టించారు."

ఆటో వెళ్ళిపోయాక కూడా రామలక్ష్మమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. చెవులు కాలిపోతున్నాయి. మంచిది చూసి కట్టమన్నది తానే. మంచిదేదో కొట్రమ్మకు తెలుసు. బతికించిన చెయ్యి గనక తెలుసు.

పొద్దు వాలకముందే కౌల్ బజారులో కొట్రమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. తొమ్మిదేళ్ళలో ఆ ఇంటికి పోవడం అదే మొదలు. తప్పు ఒప్పుకుందామనే పోయింది గానీ, నోటికి ముందు నిష్ఠూరమే వచ్చింది. "అప్పుడే చెప్పుండొచ్చు గదా కొట్రమ్మా."

"వాళ్ళ దిష్టికే కట్టిండానని వాళ్ళ ఎదురుగానే యాట్ల చెప్పేదక్కా? నీ మర్యాద పోదా?"

రామలక్ష్మమ్మ తల నేలకు వాలిపోయింది. "తప్పయిపాయె" అంది. పక్కింటివాళ్ళకు వినబడకుండా, గొంతు తగ్గించి అంది. దొంగను చేసింది ఏడుగురి ముందు, తప్పొప్పుకున్నది ఎవరూ వినని చోట. ఆ సంగతి ఆటోలో తిరిగొస్తుంటే తెలిసొచ్చి, సిగ్గుతో ముఖం చెంగులో దాచుకుంది.

సోమవారం కొట్రమ్మ ఎప్పట్లాగే వచ్చింది. ఊడ్చింది, తోమింది, మిద్దె మీద కుండీలు ఎండవైపు తిప్పింది. రామలక్ష్మమ్మకు కాస్త ఊపిరాడింది. ఈసారి దోసెలు ఆరు చుట్టి ఇచ్చింది.

పనయ్యాక కొట్రమ్మ తలవాకిట్లో నిలబడి, సంచి నోరు రెండు చేతులా తెరిచి పట్టుకుంది.

"చూడక్కా."

"వద్దు కొట్రమ్మా, నేనేమన్నా అడిగితినా?"

"చూసేయక్కా, బస్సుకు పొద్దుపోతాంది."

ఆ గొంతులో కోపం లేదు. ఇల్లు ఊడ్చినట్టే అదీ ఒక పని అన్నట్టు నిలబడింది. రామలక్ష్మమ్మ వంగి చూసింది. అప్పుడు గానీ కొట్రమ్మ గడప దాటలేదు. మంగళవారమూ అంతే.