వెనక తలుపు

ఇరవై ఒకటో గాడిలోకి రాగితీగ దింపుతున్నాడు వేణుగోపాల్. మోటారు డబ్బాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమ బొటనవేలితో తీగలను పక్కపక్కన పరుస్తూ, కుడిచేతిలోని వెదురు పుల్లతో లోపలికి నొక్కుతున్నాడు. తీగ మీది పూత గీసుకుపోయిందా, మోటారు వారంలో కాలిపోతుంది. అందుకే ఇనుప పనిముట్టు ముట్టడు. ఆ పుల్ల అతను చెక్కుకున్నదే. పట్టుకునే చోట బొటనవేలి మేరకు అరిగి నల్లబడింది.

పద్దెనిమిదేళ్లుగా శాలిబండలోని ఈ రేకుల షెడ్డులో, కాలిన వార్నిష్ వాసనలో, ఇదే పీట, మోటార్లకు కొత్త తీగ చుట్టే ఇదే పని. మొఘల్‌పురాలో పాల డెయిరీ నడిపే మల్లన్న అయితే 'వేణు చుడితేనే తీస్కుంట, లేకుంటే వద్దు' అని షాపు సేట్ ముఖం మీదే అంటాడు. ఇప్పుడు మోకాళ్ల మధ్య ఉన్నది ఆ మల్లన్న మోటారే.

ఇంత చేసినా షాపు కాగితాల్లో వేణుగోపాల్ అనే మనిషి లేడు! రామ్‌చందర్ సేట్ రిజిస్టర్‌లో ఉన్నవి రెండే పేర్లు. ఒకటి ఆయనది, ఇంకొకటి ఆయన బామ్మర్దిది. ఆ బామ్మర్దికి స్క్రూడ్రైవర్ ఏ కొస పట్టుకోవాలో కూడా తెలియదు. లేబర్ ఆఫీసు నుంచో పీఎఫ్ ఆఫీసు నుంచో ఎవరైనా వచ్చారంటే చాలు, సేట్ రెండు వేళ్లు వెనక్కి ఊపుతాడు. పనివాళ్లు ముగ్గురూ ఎక్కడి పని అక్కడ వదిలేసి, వెనక తలుపులోంచి చాయ్ హోటల్‌కు పోతారు. ఫోన్ వచ్చినా అదే సైగ, అదే మాట. 'మా దగ్గర పనోళ్లు ఎవ్వలు లేరు సార్.'

నలభై మూడేళ్ల వయసులో వేణు ఆస్ట్రేలియా వీసాకు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు పరీక్ష మూడోసారికి గట్టెక్కాడు. పనితనం పరీక్షలో ఎదుట కూర్చున్న ఇంజినీరు ప్రశ్నలు ఆపేసి అతని చేతులనే చూస్తూ ఉండిపోయాడు. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉందని లెటర్ రాయించి, సంతకం పెట్టి, స్టాంపు వేసింది సేటే. 'పో రా, బాగుపడు' అని వీపు కూడా తట్టాడు. ఆ లెటర్‌లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. 'అక్కడ జీతం చీటీ మీద పేరుంటదంట గదా, నీ పేరున్న చీటీ నేనొక్కసారి చూడాలె' అంటుంది భార్య అమల.

మధ్యాహ్నం షాహెద్ వచ్చాడు. చార్మినార్ దగ్గర ఇంటర్‌నెట్ షాపు అతనిది. వేణు అప్లికేషన్ నింపింది అతనే. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"భాయ్, జర బయటికి రా."

"గిక్కడనే చెప్పు షాహెద్ భాయ్. చెయ్యి తీస్తే తీగ సడలుతది."

షాహెద్ అతని ముఖంలోకి చూడలేకపోయాడు. "వీసా ఇయ్యలే. దొంగ లెటర్ పెట్టినవంటున్రు. ఫిబ్రవరి పదకొండు, పొద్దున పదకొండున్నరకు గిక్కడికే ఫోన్ చేసిన్రంట. గా పేరుగల్లోడు మా దగ్గర ఎన్నడు పనిచెయ్యలే అన్నరంట. ఇగ మూడేండ్ల దాంక మళ్ల వెయ్యరాదు."

మూడేళ్లు. అప్పటికి నలభై ఆరు. నలభై అయిదు దాటినవాణ్ని వాళ్లు తీసుకోరు. ఇద్దరికీ తెలుసు.

దొంగ! పాత తీగ పీకేటప్పుడు నాలుగు రాగి తునకలు జేబులో వేసుకోని పనివాడు ఈ గల్లీలో ఉన్నాడా? వేణు ఉన్నాడు. చొక్కాకు అంటుకున్న ముక్కను కూడా గుమ్మం దగ్గరే దులిపి పోయేవాడు. అతన్ని దొంగన్నారు.

ఆ రోజు బాగానే గుర్తుంది. ఫోన్ మోగింది. అవతల ఇంగ్లీషు వినగానే సేట్ ముఖం మారింది. రెండు వేళ్లు వెనక్కి ఊపాడు. అందరికంటే ముందు లేచింది వేణే. చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ 'సేట్‌కు ఇంగ్లీషంటే దడ' అని జోక్ కూడా వేశాడు, ముగ్గురూ నవ్వారు. తన బతుకు అక్కడ లేదని సేట్ ఫోన్‌లో చెప్తుంటే తను ఇక్కడ పళ్లికిలించాడు. ఛీ!

అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం తీసుకుపోయి, టిఫిన్ డబ్బా ముందు కూర్చున్న సేట్ ఎదుట పరిచాడు. షాహెద్ చెప్పిందంతా చెప్పాడు. సేట్ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అరె! పీఎఫోళ్లనుకున్న రా. అడగంగనే నోట్లకెళ్లి అదే వచ్చింది. నా తల్లి తోడు."

అది నిజమే. నిజం కాబట్టే వేణుకు ఇంకా ఒళ్లు మండింది.

"ఫికర్ చెయ్యకు, ఇంకో లెటర్ రాసిస్త."

"లెటరొద్దు. రిజిస్టర్ల రాయి నువ్వు. పద్దెనిమిదేండ్లు రాయి."

ఇన్నేళ్లలో సేట్‌ను 'మీరు' అనడం తప్ప ఎరగని నోరు అది. మిగిలిన ఇద్దరు పనివాళ్ల చేతులు ఆగాయి. సేట్ వాళ్ల వైపు ఒకసారి, రిజిస్టర్ ఉండే సొరుగు వైపు ఒకసారి చూశాడు.

"గట్లెట్ల రాస్త రా? నీది రాస్తే వీళ్లది గూడ రాయాలె. పాతదంత బయటపడ్తది. ఎందుకీ లొల్లి..."

బల్ల మీద ఫోన్ మోగింది. సేట్ చేతికి కూర అంటి ఉంది. అలాంటప్పుడు ఫోన్ ఎత్తేది ఎప్పుడూ వేణే. ఎత్తాడు.

"నా మోటారు ఏమాయె? నీళ్లు లేక క్యాన్లు గూడ కడుగలే," మల్లన్న అరుస్తున్నాడు. "వేణుకియ్యి ఫోను!"

"గా పేరుగల్లోడు ఇక్కడ ఎన్నడు పనిచెయ్యలే."

ఫోన్‌ను టిఫిన్ డబ్బా పక్కన పెట్టాడు. 'ఏంది? ఎవలు మాట్లాడేది?' అని అది అరుస్తూనే ఉంది. సేట్ తీయలేదు.

వేణు కిరోసిన్‌తో చేతులు కడుక్కున్నాడు. మేకుకు వేలాడుతున్న చొక్కా తొడుక్కున్నాడు. కాళ్లు అలవాటుగా వెనక తలుపు వైపు రెండడుగులు వేశాయి. ఆగాడు. వెనుదిరిగి, సేట్ బల్ల ముందు నుంచి, ముందు గుమ్మంలోంచి రోడ్డు మీదికి దిగాడు. షాహెద్ అతని వెంట నడిచాడు. ఎవరూ పిలవలేదు.

పీట ముందు మల్లన్న మోటారు పక్కకు ఒరిగి ఉంది. ఇరవై గాడులు నిండాయి, పదిహేను ఖాళీ. ఇరవై ఒకటో గాడిలో, సగం దిగిన తీగల మధ్య, బొటనవేలి మేరకు అరిగిన వెదురు పుల్ల గుచ్చుకుని నిలబడి ఉంది.