మసక తీసిందెవరు?

"మా అక్క ముఖం మీది మసక ఎవరు తీశారు?"

కంప్యూటర్ తెర మీద ఆ అమ్మాయి మూడోసారి అడిగింది. నేను మూడోసారి మన భాషలోకి మార్చి చెప్పాను. మా ఆయన కప్పు నా వైపు జరిపి, పెదవులు కదలకుండా, "ఇందులో అసలు చక్కెర వేశావా?" అన్నాడు.

చక్కెర డబ్బా తెచ్చాను. ఆ అమ్మాయి అక్క కనిపించకుండా పోయి ముప్పై గంటలైంది.

ఏడు దేశాల ఆడవాళ్లు తమ వంటింట్లో తామే ఫోనుతో తీసి పంపిన ముక్కలతో చేసిన సినిమా మాది. ఏడు ఊళ్లలో ఒకేసారి వేస్తారు. ఆట అయ్యాక ఒక ఊరివాళ్లు ఇంకో ఊరివాళ్లతో తెర మీద మాట్లాడుకుంటారు. "ప్రపంచమంతా ఒకే ఇల్లు" అని డైరెక్టరుగా మా ఆయన ప్రతి వేదిక మీదా చెప్తాడు. ఆ ఇంటి చాకిరీ నాది. వచ్చిన ముక్కలు చూడటం, కోయడం, అతికించడం, కింద మాటలు రాయడం. ఆ అక్క భాష రెండేళ్లు కూర్చుని నేర్చుకున్నదీ అందుకే. "టైటిల్స్‌లో నా పేరు?" అని ఒకసారి అడిగాను. "ఇంట్లోవాళ్లకి పేరేంటే, నవ్విపోతారు" అన్నాడు.

ఆ అక్క పంపినది ఆరు నిమిషాలు. అంట్లు తోముతూ, దవడ మీది నీలం మచ్చ ఎలా వచ్చిందో చెప్పింది. చివర్లో ఫోను దగ్గరికొచ్చి, "నా ముఖం కనిపించదు కదా?" అంది. కనిపించదని జవాబు రాసింది నేనే. ముఖం మీద మసక వేసి, ఆమె తల ఎటు తిరిగితే దాన్ని అటు జరుపుతూ పోతే ఆరు నిమిషాలకి పదకొండు రోజులు పట్టింది. చూసి మా ఆయన విసుక్కున్నాడు. "ముఖం లేని ఏడుపుకి ఎవరేడుస్తారే?"

మొన్న సాయంత్రం సినిమా పడింది. నేను అత్తయ్య కంట్లో చుక్కలు వేస్తూ ఇంట్లో ఉన్నాను. ఆమె ఊరి హాల్లో ఆ ముఖం పట్టపగల్లా కనిపించింది. మూడో వరుసలో ఆమె మరిది కూర్చున్నాడు.

తెర మీద రెండో గడిలో, ఏడు ఊళ్ల ప్రదర్శనలూ చూసుకునే పెద్దావిడ ఉంది. మన భాష తెలిసిన మనిషి. "సాయంత్రం మళ్లీ ఆట ఉంది. పొరపాటైతే సరిచేసి వేద్దాం. కావాలని చేసిందైతే ఏడు ఊళ్లలోనూ ఆపేస్తా. నాకు నిజం కావాలి" అంది.

నిజం నాకు పొద్దున్నే దొరికింది. ఆఖరి కాపీ మంగళవారం పదకొండు గంటలకి మారిందని కంప్యూటర్లోనే ఉంది. ఆ వేళకి నేను కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట, అత్తయ్య సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. మా ఆయన. "నీ పాస్‌వర్డ్ చెప్పు. టైటిల్స్‌లో అక్షరం తప్పు పడింది." చెప్పాను. ఎందుకని అడగలేదు. అడిగే అలవాటు ఎప్పుడో పోయింది.

పక్క గదిలోంచి, కంటికి కట్టుతో, తెర దాకా వినపడని గొంతుతో అత్తయ్య అంది. "నువ్వే ఒప్పేసుకోవే. నీకు పోయేదేముంది, నీ పేరెవరికి తెలుసు? పేరున్నది వాడికి."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "చెప్పు ఆ పిల్లకి. ఈ సినిమా ఎడిటింగ్ అంతా మా ఆవిడదే, పొరపాటు కూడా ఆమెదే అని."

పదకొండేళ్ల కాపురంలో నా పని నాదని ఆయన ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

"ఊఁ, కానీ. కాస్త ఏడుస్తూ చెప్తే ఇంకా మంచిది" అన్నాడు, మళ్లీ పెదవులు కదలకుండా, నాకు మాత్రమే వినపడేలా.

ఆమె భాష ఆయనకి ఒక్క ముక్క రాదు. నేను నాలుగు మాటలు చెప్పాను. ఆ అమ్మాయి చూపు నా మీంచి జరిగి ఆయన మీద ఆగింది. రెప్ప పడలేదు.

"ఏమంది? క్షమించిందా?" అన్నాడు ఆయన, ఆమె వైపు తల ఊపుతూ.

నా చేతిలో ఇంకా చక్కెర డబ్బా ఉంది. కింద పెట్టాను. పెద్దావిడకి అర్థమయ్యేలా, పక్క గదిలో అత్తయ్యకి వినిపించేలా, ఈసారి అదే మాట మన భాషలో చెప్పాను.

"అడక్కుండా పాస్‌వర్డ్ ఇచ్చింది నేను. మసక తీసింది ఈయన. నా భర్త."